రాజోలు నుంచి హైదరాబాద్‌కి, వయా మద్రాసు: అంజలి ప్రయాణం

ముందు ఒక చిన్న ప్రశ్న. రాజోలు నుంచి హైదరాబాద్ వెళ్ళాలంటే ఎటు వెళ్తారు? చించినాడ వంతెన దాటి, పాలకొల్లు, భీమవరం మీదుగా విజయవాడ చేరి, అక్కడి నుంచి హైవే ఎక్కుతారు. లేదంటే రావులపాలెం వైపు వెళ్తారు. చెన్నై మీదుగా వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటారా? ఉండరు కదా. కానీ రాజోలు దగ్గర మొగలికుదురు అనే ఊళ్ళో పుట్టిన ఒకమ్మాయి హైదరాబాద్ సినిమాకి అలాగే వెళ్ళాల్సి వచ్చింది. తమిళంలో అవార్డులు తెచ్చుకున్నాక గానీ ఆమెకి తెలుగులో పెద్ద వేషం రాలేదు.

ఆవిడే నటి అంజలి. "సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు"లో సీత, "వకీల్ సాబ్"లో జరీనా. ఈ ఎపిసోడ్‌లో ఆమె కెరీర్ గురించి మాట్లాడుకుందాం. 2013లో ఆమె వ్యక్తిగత విషయాల మీద చాలా వార్తలు వచ్చాయి, వాటి జోలికి నేను వెళ్ళట్లేదు. నాకు ఆసక్తి ఉన్న ప్రశ్న వేరే. తెలుగమ్మాయి తెలుగు హీరోయిన్ కావడానికి పక్క రాష్ట్రం ఎందుకు వెళ్ళాలి? ఇది ఒక్క అంజలి గారి కథ కాదు. దీని వెనక డెబ్బై ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మొదట పెద్దాపురం వెళ్దాం. ఇప్పుడంటే రాజోలు కోనసీమ జిల్లాలో, పెద్దాపురం కాకినాడ జిల్లాలో ఉన్నాయి గానీ, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా రెండూ తూర్పు గోదావరే. ఆ పెద్దాపురంలో 1927లో ఇంకో అంజలి పుట్టారు, అంజలీదేవి గారు. చిన్నప్పటి నుంచీ నాటకాలు ఆడారు. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంస్థ ఉండేది. ఎస్వీ రంగారావు, రేలంగి, ఆదినారాయణరావు లాంటి వాళ్ళు తిరిగిన చోటు అది. ఆ ఆదినారాయణరావు గారే తర్వాత అంజలీదేవి గారి భర్త, పెద్ద సంగీత దర్శకుడు. కాకినాడకే చెందిన దర్శకుడు సి. పుల్లయ్య గారు ఆమెని "గొల్లభామ"లో తీసుకున్నారు. అది 1947. అంజని అనే పేరుని అంజలి అని మార్చింది కూడా ఆయనే.

ఆమె కూడా మద్రాసే వెళ్ళారు. కానీ అప్పుడు వేరే దారి లేదు. స్టూడియోలు, ల్యాబులు, నిర్మాతలు, పాటల రికార్డింగులు అన్నీ మద్రాసులోనే. వాహినీ అక్కడే, జెమినీ అక్కడే, ఏవీఎం అక్కడే. ఆంధ్ర ప్రాంతం కూడా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అంటే మద్రాసు వెళ్ళడమంటే బయటికి వెళ్ళడం కాదు, తెలుగు సినిమా ఉన్న చోటికి వెళ్ళడం. అక్కడికి వెళ్ళిన గోదావరి అమ్మాయి నటిగానే ఆగిపోలేదు. భర్తతో కలిసి అంజలి పిక్చర్స్ పెట్టి "పరదేశి", "అనార్కలి", "సువర్ణసుందరి" తీశారు. 1963లో "లవకుశ"లో సీత. పూర్తి రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు సినిమా అది. ఆ తర్వాత ఊళ్ళకి వెళ్తే జనం తనని నిజంగా సీతమ్మగానే చూసేవారని ఆవిడే చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. అంజలీదేవి గారికి ఉన్న మొదటి అర్హత నాటకం. స్టేజీ మీద డైలాగు చెప్పగలగాలి, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడాలి. అంటే భాష వచ్చి ఉండటం ఆ ఉద్యోగానికి మొదటి షరతు.

తర్వాతి తరానికి వద్దాం. రాజమండ్రి దగ్గర రంగంపేటలో పుట్టిన భానుప్రియ గారు కుటుంబంతో మద్రాసు వెళ్ళి అక్కడే పెరిగారు. ఆమె మొదటి సినిమా 1983లో వచ్చిన తమిళ సినిమా "మెల్ల పేసుంగళ్". మరుసటి ఏడాది వంశీ గారి "సితార"తో తెలుగు తెర మీదకి వచ్చారు. కథ గోదావరి వాళ్ళది, దర్శకుడు గోదావరి మనిషి, హీరోయిన్ గోదావరి అమ్మాయి. అయినా ముగ్గురూ కలిసింది మద్రాసులో.

ఈలోగా పరిశ్రమ మెల్లగా హైదరాబాద్ వస్తోంది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ. తొంభైల చివరికి తెలుగు సినిమా దాదాపు పూర్తిగా సొంత గడ్డ మీదకి వచ్చేసింది. మామూలు లెక్క ప్రకారం ఏం జరగాలి? దారి దగ్గరైంది, భాష మనది, ఊరు మనది కాబట్టి తెలుగమ్మాయిలు ఎక్కువ రావాలి. జరిగింది దీనికి పూర్తిగా రివర్స్. 2000 తర్వాత పెద్ద సినిమాల పోస్టర్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎక్కువ మంది హీరోయిన్లు ముంబై నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళే.

ఎందుకు? నాకు మూడు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి, నాటకం. కాకినాడ క్లబ్ లాంటి వేదికలు సినిమాకి మనుషుల్ని పంపడం ఆగిపోయింది. ఆ స్థానంలోకి మోడలింగ్, యాడ్స్ వచ్చాయి. వాటి కేంద్రం ముంబై. దర్శకుడి టేబుల్ మీదకి వచ్చే ఫోటోలు అక్కడి నుంచే వస్తాయి.

రెండు, డబ్బింగ్. హీరోయిన్ సెట్‌లో ఏ భాషలో పెదాలు కదిపినా, తర్వాత వేరే వాళ్ళు గొంతు ఇస్తారు. గాయని సునీత గారు, చిన్మయి గారు ఎంతమంది హీరోయిన్లకి గొంతు ఇచ్చారో మనకి తెలుసు. ఆ గొంతులు ఎంత బాగున్నాయంటే, తెర మీద అమ్మాయికి తెలుగు రాదని మనం మర్చిపోయాం. అంటే అంజలీదేవి గారి కాలంలో మొదటి షరతుగా ఉన్న భాష ఇప్పుడు అసలు షరతే కాకుండా పోయింది. తెలుగు రావడం అనే అడ్వాంటేజ్ సున్నా అయింది.

మూడు, మన ఇళ్ళు. కోనసీమలో ఎన్ని షూటింగులు జరిగాయో లెక్కలేదు. కొబ్బరి తోటలు, కాలవ గట్లు, పంట్లు, పెంకుటిళ్ళు అన్నీ తెర మీద మనకి గర్వమే. షూటింగ్ అంటే ఊరంతా వెళ్ళి చూస్తాం. కానీ మనింటి అమ్మాయి "నేను యాక్ట్ చేస్తా" అంటే మాత్రం ఇంట్లో నిశ్శబ్దం. లొకేషన్‌గా ఊరు కావాలి, హీరోయిన్‌గా ఊరి పిల్ల వద్దు. ఇది పరిశ్రమ తప్పు మాత్రమే అనుకుంటే మనం తేలిగ్గా తప్పించుకున్నట్టే.

ఇప్పుడు ఈ నేపథ్యంలో మొగలికుదురు వద్దాం. అంజలి గారు 1986లో పుట్టారు. పదో తరగతి దాకా ఊళ్ళోనే. తర్వాత చెన్నై, అక్కడ మ్యాథమెటిక్స్‌లో డిగ్రీ. చదువుతూనే షార్ట్ ఫిల్మ్స్ చేశారు. ఆమె మొదట తలుపు తట్టింది తెలుగులోనే. 2006లో శివనాగేశ్వరరావు గారి "ఫోటో", తర్వాత "ప్రేమలేఖ రాశా". రెండూ ఆడలేదు. ఇక్కడితో కథ ముగిసిన అమ్మాయిలు చాలా మంది ఉంటారు, వాళ్ళ పేర్లు మనకి తెలియవు.

2007లో రామ్ అనే కొత్త దర్శకుడు "కట్రదు తమిళ్" తీశాడు, జీవా హీరో. టైటిల్‌కి అర్థం "చదివింది తమిళం" అని. తమిళంలో ఎంఏ చేసిన ఒక కుర్రాడు, చాలీచాలని జీతం, చుట్టూ ఐటీ జీతాలు, ఆ కోపంలోంచి పుట్టిన కథ. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాణ్ణి కాబట్టి ఆ సినిమా చూస్తుంటే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, తెర మీద వాడు తిట్టేది మనల్నే. విచిత్రం ఏంటంటే, తమిళ భాష గురించి తీసిన ఆ సినిమాలో హీరోయిన్ ఆనంది వేషం వేసింది కోనసీమ నుంచి వెళ్ళిన తెలుగమ్మాయి. ఆ వేషానికి ఉత్తమ తొలి నటిగా ఫిలింఫేర్ అవార్డు కూడా వచ్చింది.

2010లో వసంతబాలన్ తీసిన "అంగాడి తెరు". తెలుగులో "షాపింగ్ మాల్" పేరుతో డబ్ అయింది. చెన్నై టీ నగర్‌లోని రంగనాథన్ వీధిలో బట్టల షోరూమ్‌లు ఉంటాయి కదా, పండక్కి మనం చీరలు కొనే చోట్లు. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే పిల్లల కథ ఇది. ఊళ్ళ నుంచి తీసుకొచ్చి, ఒకే హాల్లో పడుకోబెట్టి, కూర్చోనివ్వకుండా పని చేయించుకుంటారు. అంజలి గారు చేసిన కని అనే పాత్ర ఆ షాపులో సేల్స్‌గర్ల్. గ్లామర్ లేదు, జాలి కోసం ఏడుపు లేదు. చివరికి ప్రమాదంలో కాళ్ళు పోతాయి. అయినా ఆ పాత్ర బతకడం ఆపదు. దీనికి తమిళంలో ఉత్తమ నటి ఫిలింఫేర్ వచ్చింది. ఈ ఒక్క సినిమా చూడండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

2011లో "ఎంగేయుమ్ ఎప్పోదుమ్", మనకి "జర్నీ". రెండు బస్సులు ఎదురెదురుగా ఢీకొనే కథ. ఇందులో నర్సు మణిమేగలై. ప్రేమించానని వచ్చిన అబ్బాయికి ముందు పరీక్షలు పెట్టే అమ్మాయి. మన శర్వానంద్ కూడా ఇందులో ఉన్నాడు. ఈ సినిమా తెలుగులో బాగా ఆడింది. మనవాళ్ళు థియేటర్లో చూసి "ఈ అమ్మాయి ఎవరు, భలే చేసింది" అనుకున్నారు. అంటే రాజోలు పిల్ల డబ్బింగ్ సినిమాలో తమిళ నటిగా మనకి పరిచయమైంది.

ప్రపంచంలో నటులు ఊరు దాటడం కొత్తేం కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన మార్గో రాబీ "నైబర్స్" అనే టీవీ సీరియల్‌లో 2008 నుంచి 2011 దాకా చేసి అమెరికా వెళ్ళింది. అమెరికన్ యాస నేర్చుకుని హాలీవుడ్ స్టార్ అయింది. అది చిన్న మార్కెట్ నుంచి పెద్ద మార్కెట్‌కి వెళ్ళడం. అందులో లెక్క అర్థమవుతుంది. కానీ తెలుగు చిన్న మార్కెట్టా? దేశంలో ఎక్కువ సినిమాలు తీసే భాషల్లో మనది ఒకటి. అంజలి గారు బయటికి వెళ్ళింది పెద్ద మార్కెట్ కోసం కాదు, సొంతింట్లో నమ్మకం కోసం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన కథే. ఉన్న కంపెనీలోనే ఉంటే హైక్ ఇవ్వరు, బయటికెళ్ళి ఇంకో ఆఫర్ లెటర్‌తో వస్తే అదే మనిషికి డబుల్ ఇస్తారు. మనిషి మారలేదు. బయటివాడు వేసిన స్టాంపు మారింది.

ఆ స్టాంపు పడ్డాక 2013 సంక్రాంతికి "సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు" వచ్చింది. వెంకటేష్, మహేష్ బాబు, దర్శకుడు శ్రీకాంత్ అడ్డాల. గోదావరి ఊరు, మేనమామ ఇల్లు, పెద్దోడి కోసం ఎదురుచూసే మరదలు సీత. లెక్క చూడండి. పెద్దాపురం అంజలి సీతగా కనిపించింది 1963లో. రాజోలు అంజలి సీత అయింది 2013లో. మధ్యలో సరిగ్గా యాభై ఏళ్ళు. మొదటి సీతకి మద్రాసు తప్పనిసరి, ఎందుకంటే పరిశ్రమ అక్కడుంది. రెండో సీత కాలానికి పరిశ్రమ హైదరాబాద్‌లో ఉంది, అయినా మద్రాసు తప్పలేదు. నాకు ఈ యాభై ఏళ్ళ కథలో అసలు పాయింట్ ఇదే.

ఆ తర్వాత స్పీడుగా చెప్పుకుందాం. 2014లో హారర్ కామెడీ "గీతాంజలి", టైటిల్ రోల్ ఆమెదే. దానికి నంది ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మళ్ళీ రామ్ దర్శకత్వంలో మమ్ముట్టితో "పేరన్బు", 2018లో రోటర్‌డ్యామ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. 2021లో "వకీల్ సాబ్"లో కోర్టు బోనులో నిలబడే ముగ్గురు అమ్మాయిల్లో ఒకరు. 2022లో హాట్‌స్టార్‌లో "ఝాన్సీ" సిరీస్, 2024లో జీ ఫైవ్‌లో "బహిష్కరణ". వెబ్ సిరీస్‌లు వచ్చాక కథ మొత్తాన్ని ఆమె భుజాల మీద పెట్టడానికి నిర్మాతలు భయపడలేదు. సినిమాలో హీరో పక్కన మిగిలిన చోటు దొరుకుతుంది, సిరీస్‌లో మొత్తం చోటు దొరికింది. 2024లోనే యాభయ్యో సినిమా "గీతాంజలి మళ్ళీ వచ్చింది", అదే ఏడాది "గ్యాంగ్స్ ఆఫ్ గోదావరి"లో రత్నమాల. 2025 సంక్రాంతికి శంకర్ "గేమ్ ఛేంజర్"లో అప్పన్న భార్య పార్వతి. ఆ సినిమా ఆడలేదు గానీ ఆ పాత్ర గుర్తుంటుంది.

అంజలి గారు ఒక్కరే అయితే ఇది అదృష్టం కథ అనుకోవచ్చు. కానీ కలర్స్ స్వాతి గారికి "సుబ్రమణ్యపురం", శ్రీదివ్య గారికి "వరుత్తపడాద వాలిబర్ సంగం", వరంగల్ అమ్మాయి ఆనందికి "కయల్". అందరికీ పెద్ద గుర్తింపు తమిళంలోనే. ఇన్నిసార్లు జరిగితే దాన్ని అదృష్టం అనలేం, పద్ధతి అనాలి. తమిళ దర్శకులు ఒక షాపు పిల్ల కోసం, ఒక నర్సు కోసం మొహం వెతికారు, అందుకే వీళ్ళు దొరికారు. మన కథల్లో హీరోయిన్‌కి ఊరు, పని, మాట లేనప్పుడు, ఆ ఊరి అమ్మాయి అవసరం ఎందుకు వస్తుంది?

ఈ మధ్య మార్పు కొంచెం కనిపిస్తోంది. యూట్యూబ్ షార్ట్ ఫిల్మ్స్ నుంచి, వెబ్ సిరీస్‌ల నుంచి సొంత గొంతుతో మాట్లాడే తెలుగమ్మాయిలు వస్తున్నారు. ఒకప్పుడు కాకినాడ నాటకాల క్లబ్ చేసిన పని ఇప్పుడు ఫోన్ కెమెరా చేస్తోంది. ఇప్పుడు అమలాపురంలోనో కొత్తపేటలోనో ఇంటర్ చదువుతున్న ఒకమ్మాయి అద్దం ముందు డైలాగ్ ప్రాక్టీస్ చేస్తుండొచ్చు. ఆమెకి దారి ఎంత దూరం అనేది సగం హైదరాబాద్ చేతిలో ఉంది. మిగతా సగం, పక్క గదిలో కూర్చుని అది వింటున్న ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంది.

ఉంటానండి. "అంగాడి తెరు" చూడనివాళ్ళు ఈ ఆదివారం చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.