పదిహేను చింతపిక్కలు

మా ఊరి రామాలయం అరుగు మీద ఎవరో ఎప్పుడో చెక్కిన పులి-మేక గీతలుండేవి. 3 గులకరాళ్ళు పులులు, 15 చింతపిక్కలు మేకలు. పులులు ఎప్పుడూ పెదనాన్నగారి అన్నయ్యవే, పెద్దవాడు కాబట్టి. నాకు మేకలు. పాతికేళ్ళ తర్వాత, హైదరాబాదు ఫ్లాట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని స్ట్రాటజీ గేములు ఆడుతున్నా నా సైన్యం ఇంకా మేకల్లాగే కదులుతుంది. దాడి చెయ్యను. ఒకరి వెనక ఒకర్ని చేర్చి దారులు మూసేస్తాను.

ఇది నా ఒక్కడి పిచ్చేనా అనుకుంటున్న రోజుల్లో హెచ్. జి. వెల్స్ 1913లో వేసిన 'లిటిల్ వార్స్' చదివాను. 'టైమ్ మెషీన్' రాసిన వెల్సే. పిల్లల సీసపు సైనికులతో పెద్దవాళ్ళు ఆడుకోడానికి ఆయన రాసిన రూల్స్ పుస్తకం అది.

యుద్ధపు ఆటలు అంతకుముందూ ఉన్నాయి. 1824లోనే ప్రష్యా సైన్యం ఆఫీసర్ల శిక్షణకి 'క్రీగ్‌స్పీల్' అనే ఆటని తీసుకుంది. అందులో మ్యాపు, పాచికలు, నష్టాల పట్టికలు, తీర్పు చెప్పడానికి అంపైరు. వెల్స్ ఆట అలా బడిలో పుట్టలేదు. పిల్లాడి బొమ్మలు చెల్లాచెదురుగా పడున్న గదిలో, భోజనానికొచ్చిన స్నేహితుడొకడు స్ప్రింగు ఫిరంగితో సైనికుణ్ణి గురిచూసి కొట్టడంతో మొదలైంది. ఇక ఆ ఫిరంగే ఆట తీరుని నిర్ణయించింది. పట్టికలతో పనిలేదు. చెక్క గుండు తగిలి పడితే చచ్చినట్టే. ఒక విడతకి కాల్బలం 1 అడుగు, గుర్రం 2 అడుగులు. దగ్గర్లో నలుగురు మనుషులు లేకపోతే ఫిరంగి పేలదు.

అరవై ఏళ్ళ తర్వాత అమెరికాలో గ్యారీ గైగాక్స్ కథా ఇలాంటిదే. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చినాయన. అందులో ఇనుముని తుప్పు పట్టించి తినే 'రస్ట్ మాన్‌స్టర్' ఒక చవక ప్లాస్టిక్ బొమ్మల ప్యాకెట్‌లోంచి వచ్చింది. ఏ జంతువో పోల్చుకోలేని బొమ్మకి ఒక స్వభావం కల్పించాడు. 'లిటిల్ వార్స్' 2004 ముద్రణకి ముందుమాట రాసిందీ ఆయనే. ఇద్దరి దగ్గరా ముందు బొమ్మ, తర్వాతే రూలు.

కానీ వెల్స్ పుస్తకంలో నన్ను పట్టుకున్నది చివరి పేజీలు. బొమ్మల యుద్ధంలోనే ఇన్ని తప్పులు చేస్తుంటే, నిజం యుద్ధం ఎంత మొద్దుపనో ఆడి చూస్తే తెలుస్తుందంటాడు. మరుసటి ఏడాదే మహాయుద్ధం వచ్చింది. యుద్ధాలన్నిటినీ అంతం చేసే యుద్ధమిదే అంటూ దాన్ని సమర్థిస్తూ రాసిందీ ఆయనే. ఆట నేర్పిన పాఠం ఆయనకే నిలవలేదు.

నవ్వడానికి నాకు హక్కు లేదు. ఈమధ్య టీవీలో యుద్ధ వార్తలొస్తున్నాయి. మ్యాపు మీద ఎర్ర బాణాలు కదులుతున్నాయి. "ఆ దారి మూసెయ్యాలి" అని పైకే అనేశాను. పక్కన కూర్చున్న అమ్మ "అక్కడ ఊళ్ళున్నాయి కదరా" అంది.

నేను చూసింది అరుగు మీది గీతల్నే. అన్నయ్య పులులు ఎన్ని మేకల్ని తిన్నా, చీకటి పడ్డాక పిక్కలన్నీ ఏరి లెక్కపెట్టి జేబులో వేసుకునేవాణ్ణి. ఎప్పుడు లెక్కపెట్టినా 15 ఉండేవి.