బర్గండీ రంగు ఏది?
చీరల కొట్లో ‘బర్గండీ’ అడిగితే ముదురెరుపు పట్టు తీసి పరుస్తారు. ఆ పేరున్న ఫ్రెంచి సీమలో మాత్రం తయారయ్యే వైన్‌లో సగానికి పైగా తెల్లదే. బర్గండియన్లు అయిదో శతాబ్దంలో అటు వచ్చి రాజ్యం కట్టుకున్న జర్మానిక్ తెగ. తెగ పేరు నేలకూ, నేల పేరు వైన్‌కూ వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు అక్కడి ఎర్ర వైన్‌ను చూసి రంగుకూ అదే పేరు పెట్టారు. మనకు దిగుమతైంది ఆ చివరి అర్థమే. తమాషా ఏమిటంటే, ఫ్రెంచివాళ్లు ఇదే రంగును ‘బొర్దో’ అంటారు, మరో వైన్ సీమ పేరుతో! బర్గండీ వైన్‌ను ‘తెల్ల’ అన్నదీ మాటవరసకే. అక్కడి తెల్ల వైన్ మెర్సో, మంచిది గ్లాసులో పోస్తే లేత బంగారు రంగు. మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోతుంది. పన్నెండు, పదమూడు డిగ్రీల దగ్గర వెన్న, హేజెల్‌నట్ వాసనలు విచ్చుకుంటాయి. వెన్న వాసన పాలలోంచి కాదు, పుల్లటి మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టేది. ఎర్రదానిలా నాలుకను పట్టే వగరు ఉండదు, నోరూరించే పులుపు ఉంటుంది. ద్రాక్ష రకం చార్డొనే. ఆ పేరుతో అక్కడో ఊరూ ఉంది. బర్గండీలోదే షాబ్లీ అనే తెల్ల వైన్ కూడా. అమెరికాలో ఎక్కడెక్కడి ద్రాక్షతోనో చేసిన చవక తెల్ల వైన్‌కు ఆ పేరు అంటించి దశాబ్దాల పాటు అమ్మారు. అంతకంటే మన చీరల కొట్టువాళ్లే నయం, కనీసం జరీ అసలుదో కాదో చెబుతారు. బర్గండీ పక్కన మడతపెట్టిన ‘మెరూన్’ కూడా ఫ్రెంచి మాటే, అసలర్థం చెస్ట్‌నట్ కాయ.