మసి చెప్పిన సాక్ష్యం

చిన్నప్పుడు జనగామలో మా మేనత్త పొయ్యి దగ్గర నాకో పిచ్చి అలవాటుండేది. మండుతున్న కట్టెల మీద గుప్పెడు తవుడు విసిరేవాణ్ణి. మొద్దేమో పొద్దస్తమానం పొగ కక్కుతూ కూర్చునేది. తవుడు మాత్రం భగ్గున లేచేది. అత్తయ్య అట్లకాడ తిరగేసి ఒక్కటిచ్చేది.

ఆ దెబ్బలోని రసాయన శాస్త్రం చాలా ఏళ్లకు గాని బోధపడలేదు. మంటకు మూడు కావాలి: మండే వస్తువు, గాలి, వేడి. మొద్దుకు గాలి పైపైనే తగులుతుంది. పొడికి రేణువు రేణువు చుట్టూ గాలే. కుప్పగా పడి ఉంటే నెమ్మదిగా రాజుకునే పొడి, గాలిలోకి లేచి నాలుగు గోడల మధ్య అంటుకుందంటే పేలుడే!

ఈ సంగతి నాకు చెప్పింది భూపాలపల్లి కాకతీయ ఖనిలో పనిచేసిన మా బావ. ఓసారి మానుకోట స్టేషనులో బండి కోసం కూచున్నాం. ఎదురుగా బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి. "బొగ్గుబాయిల గోడలకు తెల్లపొడి ఎందుకు సల్లుతరో ఎరికేనా?" అన్నాడు. నాకు తెలీదు. తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే, కథ ఇంగ్లండులో తేలింది.

1844 సెప్టెంబరు 28న డర్హాం ప్రాంతంలోని హాస్‌వెల్ గని పేలి 95 మంది చనిపోయారు. మృతుల తరపు వకీలు మొరపెట్టుకోగా, ప్రభుత్వం మైకేల్ ఫారడేనీ, భూగర్భ శాస్త్రజ్ఞుడు లైల్‌నూ విచారణకు పంపింది. గనిలో గాలి వేగం ఎలా కొలుస్తారని ఫారడే అడిగితే, అక్కడి ఉద్యోగి చిటికెడు తుపాకీమందు తీసి కొవ్వొత్తి మంటలో రాల్చి, పొగ ఎంతసేపట్లో ఎంత దూరం పోతుందో చూపించాడట. "మరి ఆ మందు ఎక్కడ దాస్తారు?" "సంచిలోనండీ." "సంచి ఏదీ?" "తమరు కూర్చున్నది దానిమీదే!" ఫారడే ఎగిరి లేచాడని లైల్ చెప్పుకున్నాడు.

నవ్వు సరే, అసలు విషయం వేరే ఉంది. గని వాయువైన మీథేను గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం దాకా ఉంటేనే పేలుతుంది. అంతకు తక్కువైనా ఎక్కువైనా పేలదు. ఇంత విస్తారంగా మంట పాకడానికి ఆ వాయువొక్కటే చాలదని ఫారడేకు అనుమానం వచ్చింది. స్తంభాల మీదా, గోడల మీదా పేలుడు వైపున్న ముఖానికే మసి అంటుకుని ఉంది. కొన్నిచోట్ల దాదాపు అంగుళం మందం! పేలుడు మొదలైన చోటికి దగ్గరవుతున్న కొద్దీ అది పెరుగుతూ వచ్చింది. భూతద్దంలో చూస్తే కరిగి గుండ్రబడిన రేణువులు. పరీక్షిస్తే అందులోని తారు చాలావరకు కాలిపోయి ఉంది. అంటే పేలుడు గాలికి లేచిన బొగ్గుపొడి తానూ ఇంధనమై మండిందన్నమాట. చచ్చినవాళ్లు చెప్పలేనిది మసి చెప్పింది.

విన్నదెవరు? పంచాయతీదారులు "ప్రమాదవశాత్తు" అని తీర్పు రాసేశారు. పొడి సంగతి గని యజమానులు చాలాకాలం పట్టించుకోలేదు. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూరియేర్ గనిలో 1099 మంది పోయాకగాని లోకానికి మెలకువ రాలేదు. మండని రాతిపొడిని బొగ్గుపొడిలో కలిపితే అది వేడిని పీల్చుకుని మంట పాకనివ్వదు. మా బావ అడిగిన తెల్లపొడి అదే. అయినా 1965 మే 28న అప్పటి బీహారులోని ధోరీ గనిలో బొగ్గుపొడి మళ్లీ పేలి 268 మందిని మింగింది.

2025 జూన్ 30న పాశమైలారంలో, మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా పోయారు. ఆ రాత్రి మా బావ ఫోన్ చేశాడు. ఎంతమంది, ఏమిటి అని అడగలేదు.

"ఆడ దూలాల మీద పొడి ఎంత మందం పేరుకున్నదో, ముందుగాల ఎవరన్న చూసిన్రా?" అన్నాడు.