ఎవరి మాట వినాలి?

ఎడింబరో నగరం కొత్తగా కూర్చిన అగ్నిమాపక దళానికి 1824లో జేమ్స్ బ్రెయిడ్‌వుడ్‌ను అధిపతిగా నియమించింది. వయసు 24, చదివింది సర్వేయర్ పని. దళానికి సరిగా తర్ఫీదు ఇచ్చే వ్యవధి కూడా దొరకకముందే, నవంబరు 15 రాత్రి ఓల్డ్ అసెంబ్లీ క్లోజ్ అనే ఇరుకు సందులో, రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే కార్ఖానాలో నిప్పంటుకుంది. మర్నాడు ట్రాన్ చర్చి శిఖరం కూడా తగలబడింది. రోజుల తరబడి సాగిన ఆ మంటల్లో 400 దాకా ఇళ్లు బూడిదయ్యాయి, 13 మంది చనిపోయారు. కుర్రాడికి పెద్ద పదవి ఇస్తే ఇంతేనని ఎవరైనా అనుకోవచ్చు. కానీ ఆ రాత్రి పదవి అతనిదే అయినా అధికారం అతనిది కాదు. నగర పెద్దలు, న్యాయాధికారులు, బీమా కంపెనీల మనుషులు ఎవరికి తోచిన ఆజ్ఞ వాళ్లు ఇచ్చారు. ఎవరి మాట వినాలో దళానికి తెలియలేదు. అగ్నిప్రమాద స్థలంలో ఆజ్ఞ ఒక్కరిదే ఉండాలన్న సంగతి నగరం ఒప్పుకున్నది ఆ నష్టం తరువాతే.

అయితే ఆజ్ఞ ఇచ్చే హక్కు కాగితం మీద దక్కినంత మాత్రాన మనుషులు మండుతున్న ఇంట్లోకి నడవరు. బ్రెయిడ్‌వుడ్ నాయకుడిగా ఎదిగింది ఇక్కడేనని నా అభిప్రాయం. పైకప్పులు నేసేవాళ్లు, వడ్రంగులు, తాపీవాళ్లు, కమ్మరులను దళంలోకి ఏరుకున్నాడు. కప్పు మీద నడక ఒకరికి అలవాటు, ఏ గోడ నిలుస్తుందో ఏది కూలుతుందో ఇంకొకరికి తెలుసు. జనం లేవని తెల్లవారుజామున సాధన చేయించేవాడు. వీధిలో నిలబడి దూరం నుంచి నీళ్లు చిమ్మితే వృథా, లోపలికి వెళ్లి మంట మొదట్లో కొట్టాలి, లోపలికి ఏ ఒక్కరూ ఒంటరిగా పోకూడదు. ఇవి అతని సూత్రాలు. 1830లో వాటినే పుస్తకంగా అచ్చువేశాడు. అనుభవాన్ని గుట్టుగా దాచుకుని తాను లేకపోతే పని జరగదనిపించుకునే పెద్దలు ఏ వృత్తిలోనైనా కనిపిస్తారు. ఇతను ఆ బాపతు కాదు.

1833లో పది బీమా కంపెనీలు కలిసి లండన్‌లో పెట్టిన ఉమ్మడి దళానికి అతన్నే పిలిచారు. మరుసటి ఏడాది అక్టోబరు 16న పార్లమెంటు భవనాలు అంటుకున్నప్పుడు, చేజారిపోయిన వాటిని వదిలి వెస్ట్‌మిన్‌స్టర్ హాలును కాపాడటం మీద బలం కేంద్రీకరించారు, అది దక్కింది. ఒక్కరి చేతిలో ఇంత అధికారం ఉంటే, ఆ ఒక్కరే పొరబడితే? ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. ఆవిరితో నీళ్లు చిమ్మే యంత్రాన్ని బ్రెయిడ్‌వుడ్ చాలాకాలం రానివ్వలేదు. దాని ధారకు సరిపడా నీరు నగర గొట్టాల్లో ఉండదనీ, బలమైన ధార చేతికొస్తే మనుషులు దూరం నుంచే చిమ్ముతూ నిలబడతారనీ అతని భయం. కారణాల్లో పస ఉంది, కానీ పట్టు మరీ ఎక్కువకాలం పట్టాడు. ఎడింబరోలో నేర్చిన పాఠమే అతనికి సంకెల అయిందనాలి.

ఇంకో ఆక్షేపణ అతని చావు గురించి. 1861 జూన్ 22న టూలీ వీధి గోదాములు తగలబడుతుండగా, తన మనుషుల మధ్య ఉన్న అతని మీద గోడ కూలింది. దళాధిపతి అంత ముందుకు వెళ్లడం అధిపతి పనేనా, ఇంకా సైనికుడిగానే మిగిలాడా అని అడగవచ్చు. వెనక నిలబడి ఉంటే బతికేవాడేమో. కానీ లోపలికి వెళ్లమని మూడు దశాబ్దాలకు పైగా చెప్పిన మనిషి బయట నిలబడితే ఆ మాటకు ఎంత విలువ ఉండేదో కూడా లెక్క వేయాలి. అసలు పరీక్ష ఆ తరువాత జరిగింది. ఆ మంట రెండు వారాలు రగిలింది, అధిపతి పోయినా దళం చెదరలేదు. నష్టం భరించలేమని బీమా కంపెనీలు చేతులెత్తేస్తే, 1865 చట్టంతో లండన్‌లో మంటలార్పే బాధ్యత ప్రజాధనం మీదికి వచ్చింది. అతని తరువాత అధిపతిగా బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన మాసీ షా, ఆవిరి యంత్రాలను విరివిగా తెచ్చినా, 1866లో కొత్త దళాన్ని బ్రెయిడ్‌వుడ్ తయారుచేసిన మనుషులతోనే మొదలుపెట్టాడు.