గోడ పగుళ్లలో పిడుదు: పల్నాటి కుక్క చరిత్రలో ఒక లోటు

గురజాల, మాచర్ల మెట్టల్లో రాత్రిపూట మందకు కావలి కుక్కే. అయినా దాన్ని చంపే పిడుదు జ్వరం గుట్టు దాని నెత్తురులో ఎవరూ వెతికినట్టు కనిపించదు. 1907లో క్రిస్టోఫర్స్ అనే పరిశోధకుడు కుక్క జ్వరానికి కారణమైన సూక్ష్మజీవి పిడుదు ఒంట్లో ఎలా పెరుగుతుందో రాశాడు. 1910లో ప్యాటన్ అనే మరో పరిశోధకుడు అలాంటిదే ఇంకో జీవిని మొదట మద్రాసు హంట్ అనే దొరల వేట సంఘపు కుక్కల్లో, తర్వాత నక్కల్లో కనిపెట్టాడు. అంటే ఈ జ్ఞానంలో కొంత అప్పటి మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే, దొరల వేటకుక్కల నెత్తురు నుంచే పుట్టింది. పల్లె కుక్క దాకా మాత్రం రాలేదు. 1871 నాటి పశువుల తెగుళ్ల కమిషన్ మొదలుకొని సర్కారు పశువైద్యం దృష్టి ఎక్కువగా ఎద్దుమీద, ఆవుమీదే నిలిచింది. పన్ను కట్టే రైతుకు ఎద్దే ఆధారం కాబట్టి ఆ లెక్క అర్థమవుతుంది. కానీ ఆ లెక్కలో కుక్కకు చోటు లేకపోవడం నిజమైన నష్టం.

వేపనూనె, కానుగనూనె పూయడం మన పల్లెల్లో ఉన్నదే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ పూత ఒంటిమీది పిడుదుల్ని కొంత తగ్గించవచ్చు. అయితే కుక్క పిడుదు బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద గడవదు. పిల్లగా ఒకసారి, ఎదిగే దశలో ఒకసారి, పెద్దదై మరోసారి నెత్తురు తాగి, తాగిన ప్రతిసారీ రాలిపోతుంది. ఆడది గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. ఇది పొడి వేడిని బాగా తట్టుకునే జాతి, కాబట్టి రెంటచింతల ఎండలు దాన్ని చంపుతాయని ఆశపడలేం. నాపరాతి గోడల సందులు, మంచం కోళ్ల చీలికలు దానికి చల్లని నెలవులు. పూత ఒంటికే పరిమితమైతే, వారం తిరక్కుండానే గోడలోంచి కొత్త పిడుదులు దిగుతాయి.

నాటు కుక్కకు రోగం అంటదన్న మాటలో సగమే నిజం. పెద్ద కుక్క జ్వరాన్ని తట్టుకుని, సూక్ష్మజీవిని ఒంట్లో మోస్తూ తిరగగలదు. దాని పిల్లలకు ఆ శక్తి ఉండదు. తట్టుకున్న కుక్క నుంచే పిడుదులు రోగాన్ని మిగతావాటికి చేరవేస్తాయి. 1935లో అల్జీరియాలో గుర్తించిన ఎర్లీషియా జబ్బు కూడా ఇదే పిడుదు ద్వారా వస్తుంది. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది.

అందుకే పల్నాటి పాఠకులకు నా మనవి: కుక్కకు మందు వేసిన రోజే అది పడుకునే చోట గోడ పగుళ్లు పూడ్చండి, దాని గోనెపట్టా ఎండబెట్టకండి, తగలబెట్టండి. చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి నెత్తురు కారినా ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.