కాల్వ కింద సుమేరు పాఠం

మెసొపొటేమియా అంటే ఏమిటి? రెండు నదుల నడుమ దేశం. ఆ నదులేవి? యూఫ్రటీస్, టైగ్రిస్. లిపి పేరు? క్యూనిఫాం. సుమేరియన్ల గురించి మన పిల్లలు నేర్చుకునేది చాలావరకు ఇంతే. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఉర్, ఉరుక్, జిగ్గురాత్, గిల్గమేష్ అని ఇంకో నాలుగు పేర్లు కలుపుకుంటారు. ఒక మార్కు వస్తుంది, పాఠం అయిపోతుంది. ఐదువేల ఏళ్ళ కిందటి ఆ మనుషులు ఏ నేల మీద నిలబడి, ఏ నీళ్ళ కోసం కొట్లాడుకున్నారో అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

అయితే నిజామాబాద్ జిల్లాలో ఈ పాఠం చెప్పే సారుకు మిగతావాళ్ళకు లేని వెసులుబాటు ఒకటుంది. సుమేరును చూపించడానికి కావలసిన సరుకు సగం ఇక్కడే, ధర్పల్లి నుంచి బస్సెక్కి బోధన్ దాకా పోయే దారిలోనే ఉంది.

ముందు నదులు చూద్దాం. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్, మెదక్ ప్రాంతాలు దాటి ఉత్తరానికి మళ్ళి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ రెండు నదుల మూలలో ఉంది బోధన్. "నదుల నడుమ" అన్న మాట గ్రీకువాళ్ళు పెట్టిన పేరే కావచ్చు, అర్థం మాత్రం మనకు కొత్తది కాదు.

పోలిక ఎంత ముఖ్యమో తేడా కూడా అంతే ముఖ్యం. దక్షిణ ఇరాక్‌లో వానను నమ్ముకుంటే గింజ పండదు. రాయి లేదు, మంచి కలప లేదు, లోహం లేదు. ఉన్నదల్లా ఒండ్రుమట్టి. ఇల్లు మట్టితో, పలక మట్టితో, చివరికి కొడవలి కూడా కాల్చిన మట్టితోనే చేసుకున్న రోజులున్నాయి. పైగా వరద తప్పుడు సమయంలో వచ్చేది. కొండల్లో మంచు కరిగి, బార్లీ కోతకొచ్చే వసంతంలో నది పొంగేది. మనకు వరద నాట్లతో పాటు వస్తుంది, వాళ్ళకు కోతలప్పుడు వచ్చేది. కాబట్టి నీళ్ళు తెచ్చుకోవడం ఎంత పనో, వద్దన్నప్పుడు ఆపుకోవడం అంత పని. కట్ట, కాల్వ, తూము లేకుండా సుమేరు లేదు.

రాత పుట్టింది కూడా ఈ పని లెక్కల్లోంచే. క్రీ.పూ. 3300 ప్రాంతంలో ఉరుక్‌లో దొరికిన తొలి పలకల్లో కథలు లేవు, పాటలు లేవు. బార్లీ ఎంత, గొర్రెలెన్ని, ఎవరికెంత కూలి, ఇవే. ఇది బోధన్ పిల్లలకు చెప్పడం తేలిక. బండెడు చెరుకు ఫ్యాక్టరీ గేటు దాటాక రైతు చేతిలో మిగిలేది కాటా చీటీ ఒక్కటే. పొలం మొహం చూడని గుమాస్తాకు కూడా ఎవరి సరుకు ఎంతో తెలియాలి. ఉరుక్ గుడి గోదాముల దగ్గర పుట్టిన అవసరమూ అదే.

సుమేరియన్ల గురించి చదువుకున్న మొదటి విద్యార్థులు ఎవరంటే, ఇంచుమించు క్రీ.పూ. 1740 నాటి నిప్పుర్ పిల్లలు. 1950ల మొదట్లో తవ్వకాలు జరిపినవాళ్ళు 'ఎఫ్ ఇల్లు' అని పేరు పెట్టిన ఒక మామూలు ఇంట్లో దాదాపు 1,400 బడి పలకలు, ముక్కలు దొరికాయి. అప్పటికి సుమేరు భాష ఇళ్ళలో మాట్లాడేవాళ్ళు లేరు. ఆ పిల్లలు ఇంట్లో అక్కాడియన్ మాట్లాడి, బడిలో సుమేరు నేర్చుకునేవాళ్ళు, మన దగ్గర సంస్కృతం నేర్చుకున్నట్టు. ఆ కాలపు బడుల్లో ఎత్తిరాసిన పాఠాల్లో ఒకటి, తండ్రి కొడుక్కి చెప్పిన సేద్యపు సలహాలు. పొలం పని మొదలుపెట్టే ముందు కాల్వలూ గట్లూ చూసుకోమంటాడు, మడిలో నీళ్ళు మరీ ఎక్కువ నిలవనివ్వొద్దంటాడు. ఇంకో పాఠంలో పారకూ నాగలికీ వాదం జరుగుతుంది. నాగలికి ఏడాదిలో నాలుగు నెలలే పని, తనకు పన్నెండు నెలలూ పనే అంటుంది పార. గట్టు వేసేదీ కాల్వ తవ్వేదీ తానేనంటుంది. చివరికి పారే గెలుస్తుంది. పూడిక తీయకపోతే నాగలి ఉండీ లాభం లేదని ఆ సమాజానికి బాగా తెలుసు.

ఇప్పుడు కొట్లాట సంగతి. క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగష్, ఉమ్మ అనే రెండు పట్టణాలు సరిహద్దు పొలాల కోసం, కాల్వ నీళ్ళ కోసం తరాల పాటు యుద్ధాలు చేశాయి. లగష్ రాజు ఎయన్నాటుమ్ గెలిచి నిలబెట్టిన శిల, శవాల మీద రాబందులతో సహా, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కాల్వకు ఎగువన ఉన్నది ఉమ్మ. ఎగువవాడు నీళ్ళు ఆపితే దిగువవాడు ఏం చేస్తాడు? లగష్‌ను తర్వాత ఏలిన ఎన్మెతెన రెండో నది వైపు తిరిగి టైగ్రిస్ నుంచి కాల్వ తెచ్చుకున్నాడు.

ఈ కథ మనకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ చేతుల మీదుగా, 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. లక్ష్యం దాదాపు 2.75 లక్షల ఎకరాలు. నీళ్ళొచ్చాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్ళు దిగిన చోట్లకు నేటికీ 'క్యాంపు' అనే పేరు మిగిలింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. తర్వాత పూడిక తన పని తాను చేసింది. 29.72 టీఎంసీల జలాశయం 1970ల నాటికి 12 టీఎంసీల లోపుకు కుంచించుకుపోయింది. నీటిమట్టం పెంచి 17.8కు తెచ్చారు. ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్ళను హైదరాబాద్ దాహానికి మళ్ళించారు. దిగువన చివరి ఆయకట్టు ఎండింది. మరి దిగువవాడు ఏం చేశాడు? రెండో నది వైపు తిరిగాడు. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు నిజాంసాగర్ చివరి పొలాలకు వచ్చాయి. ఎన్మెతెన చేసిందీ ఇదే, మోటార్లు లేవు అంతే.

కొత్త కాల్వ వచ్చాక లగష్‌లో ఏం జరిగింది? 1958లో జాకబ్‌సన్, ఆడమ్స్ అనే ఇద్దరు పండితులు పలకల్లోని లెక్కలు తీసి ఒక వాదం చేశారు. క్రీ.పూ. 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ ఇంచుమించు సమానం. క్రీ.పూ. 2100 నాటికి గోధుమ నూటికి రెండు పాళ్ళు. క్రీ.పూ. 1700 నాటికి అసలే లేదు. ఉప్పును బార్లీ ఓర్చుకున్నంత గోధుమ ఓర్చుకోలేదు. దిగుబడి కూడా హెక్టారుకు 2,500 లీటర్ల నుంచి మూడు వందల ఏళ్ళలో 1,460కి, తర్వాత 900కు పడిపోయిందన్నారు. టైగ్రిస్ నీళ్ళు ఇష్టమొచ్చినట్టు పారేసరికి భూగర్భజలం పైకి లేచి ఉప్పును వెంట తెచ్చిందని వాళ్ళ మాట. 1985లో మార్విన్ పావెల్ దీన్ని ఒప్పుకోలేదు. ఆ లెక్కలు అంత గట్టివి కావనీ, ఉప్పు కడిగే పద్ధతి సుమేరు రైతులకు తెలుసనీ అన్నాడు. వాదం ఇంకా తేలలేదు.

ఈ వాదాన్ని క్లాసులో పెడితే తీర్పు చెప్పడానికి బోధన్, వర్ని వైపు పిల్లలు అర్హులే. చౌడు ఎలా వస్తుందో వాళ్ళ ఇళ్ళల్లో తెలుసు. నల్లరేగడిలో నీళ్ళు త్వరగా దిగవు. ఏడాది పొడుగునా చెరుకుకో, రెండు కార్లు వరికో తడి పెడుతూ పోతే కింది నీరు పైకొస్తుంది. ఎండకు నీరు ఆవిరై పోతుంది, ఉప్పు తెల్లగా మిగిలిపోతుంది. మందు కూడా తెలుసు: జిప్సం చల్లడం, జీలుగ వేసి దున్నడం, అన్నిటికన్నా ముందు మురుగుకాల్వ తీయడం. ఇరాక్ రైతులు తరతరాలుగా పొలాన్ని ఏడాది విడిచి ఏడాది బీడు పెట్టేవాళ్ళు. లోతు వేర్ల ముళ్ళమొక్కలు మొలిచి కింది తేమను పీల్చేసేవి. ఎక్కువ పంట కావాలని పైవాళ్ళు ఒత్తిడి చేసినప్పుడల్లా ఆ బీడు తప్పేది.

ధర్పల్లి పిల్లల సంగతి వేరు. వాళ్ళది నిజాంసాగర్ కాల్వ ఊరు కాదు. చెరువులు, బోర్లు, రామడుగు ప్రాజెక్టు, అడవి అంచు. ఎగువ, దిగువ అన్న తేడా వాళ్ళకు ఇంకో రకంగా తెలుసు. చెరువు కింద నీరటి ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసేవాడు. బాబిలోనియాలో ఆ పనికి గుగల్లు అనే అధికారి ఉండేవాడు. చెరువు పూడిక తీసి పొలానికి తోలుకోవడం మన దగ్గర పాత అలవాటు, 2015లో మిషన్ కాకతీయను అప్పటి ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోనే సదాశివనగర్ చెరువు దగ్గర మొదలుపెట్టారు. చెరువు పూడికను బండ్లతో తోడుకోవచ్చు. అంత పెద్ద జలాశయం పూడికను ఏ ఊరు తోడుతుంది?

చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. దానికి కారణం ఉప్పు కాదు, పూడిక ఒక్కటే కూడా కాదు. సుమేరు పట్టణాలు పోవడానికీ ఒక్క కారణం లేదు. నదులు దారి మార్చాయి, యుద్ధాలొచ్చాయి, రాజ్యాలు మారాయి. పిల్లలకు ఇది కూడా చెప్పాలి, లేకపోతే చరిత్ర నీతికథ అయిపోతుంది.

అందుకని ఈ పాఠం చెప్పే సారు లిపి పేరు అడిగాక ఇంకో మూడు ప్రశ్నలు అడిగితే బాగుంటుంది. మీ మడిలోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? వాడాక ఏ దారిన బయటకు పోతాయి? ఆ దారి పూడితే తీయవలసింది ఎవరు? మొదటిదానికి పిల్లలందరూ జవాబు చెప్తారు. రెండోదానికి కొందరు ఇంటికెళ్ళి నాయినను అడిగి వస్తారు. మూడోదానికి జవాబు ఊళ్ళో పెద్దలు, ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు చెప్పాలి. నిప్పుర్ బడిలో పిల్లలు మట్టి పలక మీద దిద్దిన సేద్యపు పాఠం మొదలయ్యేది సరిగ్గా అక్కడే, కాల్వలూ గట్లూ చూసుకోవడం దగ్గర.