బెంగాల్ నాగపూర్ రైల్వే జంట ఇంజన్ల కథ

హౌరా నుంచి ఉత్తరంగా బయలుదేరిన రైలుకు మొదట తగిలే స్టేషను లిలువా. 1900లో ఈస్ట్ ఇండియన్ రైల్వే అక్కడ నెలకొల్పిన పెట్టెల, వ్యాగన్ల కర్మాగారం నేటికీ పనిచేస్తున్నది. అదే హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా నైరుతికి సాగే మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వేది. మన వాల్తేరు దాకా వచ్చిన సంస్థ కూడా ఇదే. ఒకే స్టేషనును పంచుకున్న ఈ రెండు కంపెనీలకు ఇంజన్ల ఎంపికలో మాత్రం పొంతన కుదరలేదు.

గంగా మైదానంలో అధికభాగం సాగే మొదటి కంపెనీకి సాధారణ ఇంజన్లు చాలావరకు సరిపోయాయి. రెండవదాని పరిస్థితి వేరు. చక్రధర్‌పూర్ దాటాక సారండా అడవుల గుట్టల్లో నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఎత్తులు, వాటితో పాటు మలుపులు. బొగ్గు, ఇనుప ఖనిజం బండ్లు ఆ దారినే నడవాలి. ఒక ఇంజను చాలదు. రెండింటిని తగిలిస్తే ఇద్దరు డ్రైవర్లు, రెండు జట్ల ఫైర్‌మన్లు కావాలి. పోనీ, ఒకే ఇంజనును మరింత భారీగా చేద్దామంటే పట్టాలు, వంతెనలు ఒక్కొక్క ఇరుసుపై మోయగల బరువుకు హద్దు ఉంది; చక్రాల వరుసను పొడిగిస్తే మలుపు తిరగదు.

ఈ చిక్కుకు విరుగుడు హెర్బర్ట్ గారట్ అనే ఆంగ్ల ఇంజనీరు రూపకల్పనలో దొరికింది. ముందొకటి, వెనుకొకటి చక్రాల బండ్లు; వాటి నడుమ ఇరుసుకీళ్లపై వంతెనలా నిలిచిన బాయిలరు. దాని కింద చక్రాలు ఉండవు గనుక కొలిమిని కావలసినంత వెడల్పుగా, లోతుగా కట్టవచ్చు. బరువు పొడవునా పరచుకుంటుంది, రెండు బండ్లూ మలుపులో విడివిడిగా తిరుగుతాయి. పైగా ఒకే జట్టు చాలు.

మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ సంస్థ నుంచి 1925లో రెండింటిని తెప్పించి పరీక్షించారు. తృప్తి కలిగాక 1929-31 మధ్య పదహారేసి చోదక చక్రాల ఇంజన్లు 26, 1939లో మరో నాలుగు వచ్చాయి. ఒక్కొక్కటి 230 టన్నులకు పైబడిన ‘ఎన్’ తరగతి ఇంజన్లు భారతదేశంలో నడిచిన ఆవిరి ఇంజన్లలో అతిపెద్దవి.

లోపాలు లేకపోలేదు. నీరు, బొగ్గు ఖర్చయ్యేకొద్దీ చక్రాలపై బరువు తగ్గి పట్టు సడలేది. ఆవిరి గొట్టాల కీళ్లకు నిత్యం మరమ్మతు తప్పేది కాదు. చదును నేలపై ఆ శ్రమ దండగే. అందుకే ఇతర కంపెనీలు వీటి జోలికి పెద్దగా పోలేదు.

815 నంబరు గల ‘ఎన్’ ఇంజను న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది.